వీపు వెనక ఆట

ఫుట్‌బాల్ స్టేడియంలో ఉత్తరం గ్యాలరీకి వెళ్లేవాళ్లలో ఎక్కువమందికి సెలూన్ నడిపే ఆయన అసలు పేరు తెలియదు. గంట అనే పిలిచేవాళ్లు. ఆయన గొంతు అలాంటిది, మైకు అక్కర్లేదు. గ్యాలరీ కింది మెట్టు దగ్గర ఇనప స్టూలు వేసుకుని, దాని మీద నిలబడి, మైదానానికి వీపు పెట్టి, జనం వైపు తిరిగి అరిచేవాడు. ఆయన ఒక మాట అంటే జనం రెండో మాట అందుకునేవాళ్లు. చెయ్యెత్తితే లేచేవాళ్లు, దించితే కూర్చునేవాళ్లు.

పెళ్లి కాకముందు మొదలుపెట్టిన పని అది. అప్పటినుంచి తన టీము ఆడిన ఆటల్లో ఆయన కళ్లారా చూసినది దాదాపు ఏమీ లేదు. గోల్ అంటే ఆయనకు బంతి వలలో పడటం కాదు. ఎదురుగా ఉన్న మొహాల్లో కళ్లు పెద్దవై, నోళ్లు తెరుచుకుని, వరసలకు వరసలు లేచి నిలబడటం. ఎవరు కొట్టారో, ఎలా కొట్టారో తర్వాత బావమరిది చెబితే తెలిసేది.

"ఇదేం సరదా అండీ? సినిమాకి వెళ్లి తెరకి వీపు పెట్టి కూర్చున్నట్టు," అని పెళ్లయిన కొత్తలో భార్య ఆశ్చర్యపోయింది.

"అందరూ ఆట చూస్తే అరిచేదెవరే?" అన్నాడు గర్వంగా.

ఆ రోజుల్లో ఉత్తరం గ్యాలరీలో ఇసకేస్తే రాలేది కాదు. ఆలస్యంగా వచ్చినవాడికి మెట్ల మీద ఒంటికాలు మోపే చోటు దొరికితే గొప్ప. తర్వాత ఏమైందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. ఒక ఏడు ఆట వేళలు టీవీ వాళ్లకు అనువుగా మార్చారు. ఇంకో ఏడు అందరూ ప్రాణం పెట్టుకున్న ఆటగాళ్లు వేరే టీముకు వెళ్లిపోయారు. కొత్తగా వచ్చినవాళ్ల పేర్లు నోటికి పట్టేలోపు వాళ్లూ వెళ్లిపోయారు. పిల్లలు ఎదిగారు. గోల్ పడిన ముక్క ఫోన్లో చూస్తే చాలదా, మిగతా గంటన్నర ఎండలో కూర్చోవడం దేనికన్నారు. వెళ్లిపోయినవాళ్లలో ఒక్కరూ అలిగి వెళ్లలేదు. అలిగి ఉంటే గంట కాళ్లావేళ్లా పడి వెనక్కి తెచ్చుకునేవాడు. వాళ్లు ఊరికే రావడం మానేశారు, అంతే.

సెలూన్లోనూ అదే వరస. ఒకప్పుడు రెండు కుర్చీల్లో ఇద్దరు కూర్చుంటే, అద్దంలోంచే ఒకరినొకరు చూసుకుంటూ నిన్నటి పెనాల్టీ గురించి కొట్టుకునేవాళ్లు. తల అటూ ఇటూ తిప్పకండి బాబూ, చెవి తెగుతుంది అని ఆయన మొత్తుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు మెడదాకా బట్ట కప్పినా, దాని కిందనుంచి చెయ్యి మెల్లగా బయటికి వచ్చేది, ఫోనుతో సహా.

అయినా గంట వదల్లేదు. మ్యాచ్ ఉన్న రోజు పొద్దున్నే, షట్టర్ ఎత్తకముందే, అందరికీ ఫోన్లు చేసేవాడు.

"వస్తున్నావుగా?"

"రావాలనే ఉందన్నా, మా అత్తగారికి ఒంట్లో బాలేదు."

"పోయిన నెలా ఆవిడకే బాలేదన్నావు?"

"అదే అన్నా, ఇంకా తగ్గలేదు."

తప్పకుండా వచ్చేవాళ్లు ఇద్దరే. ఒకడు సొంత బావమరిది, సిటీ బస్సు డ్రైవరు. రెండో ఆయన రిటైరైన పీటీ మాస్టారు. మోకాళ్లు అరిగిపోయినా, ఒక్కో మెట్టుకూ ఒక్కో నిట్టూర్పు విడుస్తూ ఎక్కి వచ్చేవాడు. వాళ్ల చుట్టూ అక్కడొకరు ఇక్కడొకరు, ముసలివాడి నోట్లో పళ్లలా. గంట అరిచిన అరుపు ఖాళీ మెట్లకు తగిలి తిరిగి ఆయన దగ్గరికే వచ్చేది.

ఈ మధ్య శుక్రవారం సాయంత్రం నుంచే ఆయనకు కడుపులో రాయి పడ్డట్టు ఉండేది. అన్నం సయించేది కాదు. రేపు టీము ఓడిపోతుందేమోనన్న బెంగ అనుకునేవాడు.

అలా ఉండగా ఒకరోజు క్లబ్బు ఆఫీసునుంచి కబురొచ్చింది, మేనేజరమ్మ ఒకసారి రమ్మంటోందని. గంట ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. గది నిండా కప్పులున్న అద్దాల బీరువాలు, గోడల మీద పాత టీముల ఫొటోలు. ఒక ఫొటోలో వెనక ఉత్తరం గ్యాలరీ కనిపిస్తోంది, కిటకిటలాడుతూ. ఆయన చూపు అక్కడే నిలిచిపోయింది.

మేనేజరమ్మ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది.

"గంటగారూ, మీకు చెప్పకుండా చెయ్యడం బాగోదని పిలిచాను. వచ్చే సీజన్‌నుంచి ఉత్తరం గ్యాలరీ మూసేస్తున్నాం. రిపేర్లు చాలా ఉన్నాయి, జనం చూస్తే లేరు. అందర్నీ తూర్పు వైపు నీడలో కూర్చోబెడదామని అనుకున్నాం."

"మూసేస్తారా?"

"మీరు బాధపడతారని తెలుసు. ధర్నా చేసినా నేను తప్పుపట్టను."

"ఎందుకు చెయ్యనండీ? చేస్తాం," అన్నాడు గంట. ఆ స్థానంలో ఉన్న మనిషి అనవలసిన మాట అదే కాబట్టి అన్నాడు. కుర్చీ వెనక్కి నెట్టి, గట్టిగా నడిచి, తలుపు గట్టిగానే వేసి బయటికొచ్చాడు.

గేటు దాటి రోడ్డు మీదికి వచ్చాక ఒక వింత జరిగింది. కాళ్లు తేలిగ్గా పడుతున్నాయి. గుండెల మీంచి ఎవరో బండ దించినట్టుంది. మందుల షాపు దాటి, సైకిల్ షాపు ముందుకొచ్చేసరికి ఏదో కూనిరాగం తీస్తున్నట్టు తనకే వినిపించి ఠక్కున ఆగిపోయాడు. ఇదేమిటి? ఇంట్లో మనిషి పోతే నవ్వొచ్చినట్టు? తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూసి, మొహం బిగించుకుని ఇంటికి నడిచాడు.

భార్య ముందు గదిలో మిషను ముందు కూర్చుని ఎవరివో పరదాలు కుడుతోంది. విషయం విని కుట్టడం ఆపింది.

"అయ్యో. మరి మీరేమన్నారు?"

"ఊరుకుంటానా? ధర్నా అన్నాను."

"మంచిపని," అంది. కానీ ఆయన ఆ పూట అన్నం రెండుసార్లు కలుపుకుని తినడం చూసి, గిన్నె ఆయన వైపు జరిపింది.

ఆదివారం మధ్యాహ్నం సెలూన్ మూసి, లోపల మీటింగ్ పెట్టాడు. ఫోన్లు చేస్తే చాలామంది వస్తామన్నారు. వచ్చినవాళ్లు మాత్రం బావమరిది, పీటీ మాస్టారు, ఇంకో నలుగురైదుగురు. ఇద్దరు తిరిగే కుర్చీల్లో కూర్చున్నారు, మిగతావాళ్లు బెంచీ మీద. గంట అద్దానికి వీపు పెట్టి నిలబడి మొదలెట్టాడు.

"మన చెమట, మన గొంతు పోసి నిలబెట్టిన గ్యాలరీ అది. తాళం వేస్తామంటే చూస్తూ ఊరుకుందామా?"

ఎవరూ రెండో మాట అందుకోలేదు. ఒకడు పౌడర్ డబ్బా తిప్పి వెనక ఏం రాసుందో చదువుతున్నాడు. బావమరిది కుర్చీని కాలితో అటు సగం, ఇటు సగం తిప్పుతున్నాడు.

"రేపటినుంచి రోజూ సాయంత్రం గేటు ముందు కూర్చుందాం. ఏమంటావురా?"

బావమరిది కుర్చీ ఆపాడు. "రోజూనా బావా?"

"ఏం, నీకు కుదరదా?"

"కుదరదని కాదు..." వాడు మింగలేక కక్కలేక కాసేపు అవస్థపడి, చివరికి తెగించాడు. "బావా, కొడితే కొట్టు. ఆ గ్యాలరీ మూసేస్తారని అక్క చెప్పిన రాత్రి నేను హాయిగా నిద్రపోయాను."

పౌడర్ డబ్బా చదువుతున్నవాడు దాన్ని మెల్లగా కింద పెట్టాడు.

"ఏమన్నావ్?"

"నాకు ఆట మీద మనసు పోయి చాలా ఏళ్లయింది బావా. వారమంతా స్టీరింగ్ ముందు కూర్చుని, దొరికిన ఒక్క సెలవూ ఆ మెట్ల మీద కూర్చుంటుంటే, పిల్లలు నన్ను చుట్టంలా చూస్తున్నారు. అయినా వచ్చాను. నేనూ రాకపోతే నువ్వు కుంగిపోతావని. మా అక్క మొగుడివి, నీకు ఏమైనా అయితే దాని మొహం ఎలా చూడాలి?"

గంట పీటీ మాస్టారి వైపు తిరిగాడు. ఈయనైనా తన పక్షాన నిలబడతాడని ఆశ.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "నా సంగతి అడక్కు గంటా. మొహమాటానికి పోతే ఏదో అయిందన్నట్టు, నాకు మోకాళ్లు అయ్యాయి. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా ఈసారి చెప్పేద్దామనుకుంటాను. 'మాస్టారూ, మీరున్నారనే నాకు ధైర్యం' అంటావు. ఇంకేం చెప్పను?"

"మరి నాతో ఒక్కరూ అనలేదేం?"

"నువ్వే అంటావేమోనని చూశాం," అన్నాడు మాస్టారు.

గంట మెల్లగా బెంచీ మీద కూర్చున్నాడు. తల వంచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. బావమరిది కంగారుగా కుర్చీలోంచి దూకాడు. "బావా! ఏడవకు బావా, ధర్నా చేద్దాం, రోజూ వస్తాను..."

గంట తలెత్తాడు. ఏడవడం లేదు. నవ్వు ఆపుకోలేక కళ్లలో నీళ్లొచ్చాయి.

"ఒరేయ్, నేనూ నీలాగే నిద్రపోయానురా! ఆఫీసునుంచి కూనిరాగం తీసుకుంటూ ఇంటికొచ్చాను. నేను మానేస్తే మీరంతా దిక్కులేనివాళ్లయిపోతారని ఇన్నాళ్లూ..." మాట పూర్తి చెయ్యలేకపోయాడు. శుక్రవారం కడుపులో పడే రాయి దేనికో అప్పుడు అర్థమైంది.

నవ్వు ముందు బావమరిదికి అంటుకుంది, తర్వాత బెంచీ అంతటికీ. మాస్టారు నవ్వుతూ మోకాలు పట్టుకుని "అబ్బా" అని మళ్లీ నవ్వాడు. అత్తగారికి ఒంట్లో బాలేదని ఏడాదిగా చెబుతున్నవాడు కూడా అక్కడే ఉన్నాడు. ఆవిడ నిక్షేపంగా ఉందని, రోజూ ఈతకు వెళుతోందని ఒప్పుకున్నాడు. తలుపు తోసుకుని టీ ఫ్లాస్కుతో వచ్చిన గంట భార్య ఈ గోల చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ధర్నా ఎప్పుడు?" అని అడిగింది.

"లేదు," అన్నారు అందరూ ఒక్కసారిగా.

"హమ్మయ్య," అందావిడ. "బ్యానరు నన్నే కుట్టమంటారేమోనని హడలి చచ్చాను."

సీజన్లో చివరి మ్యాచ్‌కి మాత్రం అందరూ వెళ్లారు. మీటింగుకు రానివాళ్లు కూడా సంగతి ఎలాగో తెలిసి, ఇక పిలవరన్న ధైర్యంతో కాబోలు, పెళ్లాంపిల్లలతో వచ్చారు. గంట భార్య మొదటిసారి ఆ మెట్లెక్కింది. ఆయన అలవాటు చొప్పున స్టూలు వైపు నడుస్తుంటే మాస్టారు చొక్కా పట్టుకుని లాగాడు.

"కూర్చోవయ్యా. ఆటేమిటో చూద్దాం."

గంట భార్య పక్కన కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కాసేపు తెలియలేదు. మైదానం ఇంత పచ్చగా ఉంటుందని ఆయన మరిచిపోయాడు. ఆటగాళ్లు అనుకున్నదానికంటే చిన్నపిల్లలు. ఒకడు మేజోడు ఎగదోసుకుంటూ పక్కవాడితో ఏదో చెప్పి నవ్వుతున్నాడు. వీళ్లు ఆడుకుంటున్నార్రా అనిపించింది ఆయనకు. తనేమో ఇన్నేళ్లూ వాళ్లను భుజాల మీద మోస్తున్నాననుకున్నాడు.

రెండో సగంలో అవతలి టీము కుర్రాడొకడు ఎడమ పక్కనుంచి దూసుకొచ్చాడు. ముగ్గుర్ని తప్పించి, గోల్‌కీపర్ తన వైపు వంగేదాకా ఆగి, బంతిని వాడి తల మీదుగా నెమ్మదిగా, నిద్రపోతున్న పిల్లాణ్ణి మంచం మీద పడుకోబెట్టినట్టు, వలలో వేశాడు.

"అబ్బ! ఎంత బాగా వేశాడే!" గంట లేచి చప్పట్లు కొట్టేశాడు.

గ్యాలరీ అంతా ఆయన వైపు తిరిగింది. ఉత్తరం గ్యాలరీ పుట్టాక అవతలివాడి గోల్‌కి అక్కడ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టినవాణ్ణి ఒకప్పుడు గంటే కిందికి దింపించేవాడు. ఆయన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. అంతలో భార్య కూడా లేచి కొట్టింది. "బాగుంది కదండీ," అంది పక్కవాళ్లతో. మాస్టారు కూర్చునే కొట్టాడు. తర్వాత చాలామంది కొట్టారు, కొందరు నవ్వుతూ, కొందరు కొంచెం సిగ్గుగా.

టీము ఓడిపోయింది. అందరూ నింపాదిగా మెట్లు దిగారు.

కొత్త సీజన్ మొదలయ్యాక గంట ఎప్పుడైనా బుద్ధి పుడితే తూర్పు వైపు నీడలోకి వెళ్లి కూర్చునేవాడు. ఎక్కువసార్లు భార్యే బయల్దేరదీసేది, ఆవిడకు ఆ ఆట పట్టుబడింది. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఆయనకు ఆవిడే విడమరిచి చెప్పేది. బావమరిది సెలవురోజున పిల్లల్ని తీసుకుని ఎటో వెళ్లేవాడు. ఎటు వెళ్లావని గంట అడిగేవాడు కాదు.

ఒక శనివారం సాయంత్రం కుర్చీలో కూర్చున్న పెద్దాయన, గడ్డానికి నురగ రాస్తుండగా అడిగాడు.

"ఏం గంటా, ఇవాళ మనవాళ్లు గెలిచారా?"

గంట బ్రష్ ఆపి ఆలోచించాడు.

"ఇవాళ మ్యాచ్ ఉందాండీ?" అన్నాడు.

ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు బాధ కలుగుతుందేమోనని ఒక్క క్షణం చూశాడు. ఏమీ కలగలేదు. బయట వీధిలో పిల్లలు సైకిళ్ల మీద వెళుతున్నారు. లోపల కుర్చీలో పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. గంట కత్తి తీసి, చెంప మీద చర్మం సాగదీసి, పని మొదలుపెట్టాడు.