ఎదురు బరువు

నా పేరు వనిత. మా పుట్టిలో ఉండే రాయి పేరు కూడా వనితే. ఆ పేరు పెట్టింది మా ఆయన యుగంధర్. ఇందులో నేను మురిసిపోవలసింది ఏమీ లేదని ముందే చెబుతున్నాను.

పుట్టి అంటే వెదురుతో అల్లి, అడుగున తారు పూసిన గుండ్రటి పడవ. దానికి ముందూ వెనకా ఉండదు. తెడ్డు వేసేవాడు ఒక పక్క కూర్చుంటే ఎదురుగా అంతో ఇంతో బరువు ఉండాలి. లేకపోతే ఒక పక్కకు ఒరిగి, ఉన్నచోటే గిరగిర తిరుగుతుంది. నాకేమో నీళ్లంటే చచ్చేంత భయం. పెళ్లయిన కొత్తలో ఎక్కమని ఎంతో బతిమాలాడు, నేను ససేమిరా అన్నాను. దాంతో ఒక నల్లరాయి ఎత్తుకొచ్చి ఎదురుగా పెట్టుకుని దానికి నా పేరు పెట్టాడు. రోజూ తెడ్డు పట్టుకుని కూర్చోగానే "వనితా, జర జరుగు" అంటూ దాన్ని చేత్తో సర్దేవాడు. ఊరంతా నవ్వేది. "నీకంటె గదే నయం, తిరిగి మాట్లాడది" అని నా ముందే అనేవాడు.

మునగాల దగ్గర హైవే దిగి మూడు కిలోమీటర్లు వస్తే మా చెరువు. కట్ట పక్కన నాలుగు టెంట్లు, ఒక తాటాకు పందిరి వేసుకున్నాం. శని, ఆదివారాలు హైదరాబాద్ నుంచి, సూర్యాపేట నుంచి కార్లు వచ్చేవి. నేను నాటుకోడి కూర, జొన్నరొట్టెలు చేసేదాన్ని. ఆయన పుట్టిలో చెరువంతా తిప్పేవాడు. వచ్చినవాళ్లు నా కూర తిని బాగుందనేవారు గానీ, ఫోటోలు మాత్రం పుట్టిలోనే దిగేవారు. అప్పట్లో నాకది కడుపుమంటగా ఉండేది.

పోయిన సెప్టెంబరులో వచ్చిన వానకు చెరువు కట్టకు గండి పడింది. టెంట్లు, పందిరి, నా వంటపాత్రలు అన్నీ కొట్టుకుపోయాయి. యుగంధర్ తెల్లవారగానే పుట్టి వేసుకుని పోయి, కింది వాడలో డాబాల మీద నిలబడ్డ మనుషులను ఒడ్డుకు చేర్చడం మొదలుపెట్టాడు. మూడోసారి జనం ఎక్కువయ్యారు. ఇంకొకరికి చోటు దొరుకుతుందని రాయిని నీళ్లలోకి తోసేశాడు. ఎదురుగా మనుషులే బరువుగా ఉంటారు కదా అనుకున్నాడు. వాళ్లేమో భయంతో అందరూ ఆయన వైపే జరిగారు. పుట్టి ఒరిగిపోయింది. మా పక్కింటి మంజుల కూతురు సౌమ్య, ఆరేళ్ల పిల్ల, నీళ్లలో పడింది. ఈయన దాని జుట్టు పట్టుకుని పైకి లాగాడు. పిల్ల బతికింది. ఇప్పుడు రెండు జడలు వేసుకుని బడికి పోతోంది.

మా ఆయన మాత్రం ఆ రోజు నుంచి పుట్టి ఎక్కలేదు.

ఊరివాళ్లు తలా ఒక చేయి వేశారు. గండి పూడ్చాం, ఇసుక తీశాం, పందిరి మళ్లీ కట్టాం, కొత్త లైఫ్ జాకెట్లు తెచ్చాం. పుట్టి ఒక్కటే తుమ్మచెట్టు కింద బోర్లా పడి ఉంది. దానికి తారు పూయడం మానడు, నీళ్లలో దించడు. అడిగితే "రాయి లేదు" అంటాడు. నేను నాలుగు రాళ్లు మోసుకొచ్చాను. ఒకటి బరువెక్కువట, ఒకటి తక్కువట, ఒకటి దొర్లుతుందట, ఇంకొకటి ఊరికే నచ్చలేదట. రాళ్లకు వంకలు పెట్టే మనిషిని నేను ఈయన్నే చూశాను. పోయిన వారం చల్లగా ఒక మాట చెప్పాడు. పుట్టిని హుజూర్‌నగర్ ఆయనెవరికో అమ్మేస్తానన్నాడట, సోమవారం ట్రాలీ వస్తుందట. పుట్టి పోతే ఈయన మళ్లీ జన్మలో చెరువు ముఖం చూడడని నాకు తెలుసు.

ఆదివారం మిర్యాలగూడ నుంచి ఒక కుటుంబం వచ్చింది. వరద తర్వాత మా దగ్గరికి వచ్చిన మొదటివాళ్లు. కారు దిగుతూనే పెద్దామె "పుట్టి ఏది బిడ్డా? మా మనవరాలిని దానికోసమే తోలుకొచ్చిన" అంది.

యుగంధర్ నేల చూపులు చూస్తూ "అది పాడైందమ్మా" అన్నాడు.

పొద్దున్నే తారు ఆరిందా లేదా అని వేలితో ఒత్తి చూసిన మనిషి. నాకు ఒళ్లు మండింది. గరిటె అక్కడే పడేసి, రెక్క పట్టుకుని తుమ్మచెట్టు దగ్గరికి లాక్కెళ్లాను.

"ఎందుకు అబద్ధమాడినవ్?"

ఆయన బోర్లా ఉన్న పుట్టి మీద చేయి వేశాడు. "రాయిని నేనే తోసేసిన, వనితా. పిల్ల జుట్టు చేతికి దొరికింది గాబట్టి సరిపాయె. దొరక్కపోతే?"

ఇన్నాళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. నా కోపం ఎటు పోయిందో తెలియదు. పక్కనే పడుకునే మనిషి ఇంత బాధ ఒక్కడే మోస్తుంటే నేను రాళ్ల గురించి పోట్లాడుతూ కూర్చున్నానని ఏడుపొచ్చింది.

"దొరికింది గదయ్యా. పొద్దున గూడ మనింట్ల రెండు రొట్టెలు తిని పోయింది" అన్నాను.

ఇద్దరం కలిసి పుట్టిని తిరగేసి నీళ్లలోకి నెట్టాం. ఆయన తెడ్డు పట్టుకుని ఒడ్డునే నిలబడిపోయాడు. "రాయి లేదు" అన్నాడు మళ్లీ.

నేను లైఫ్ జాకెట్ వేసుకుని పట్టీలు బిగించాను. కుచ్చిళ్లు ఎగదోపుకుని ఒక కాలు లోపల పెట్టాను. పుట్టి ఊగింది. పైప్రాణాలు పైనే పోయాయి. రెండో కాలు ఎలా పెట్టానో ఆ దేవుడికే తెలియాలి. కూలబడి రెండు చేతులతో అంచు పట్టుకున్నాను.

"ఏందే, దిగు. నీకు భయం గదా" అన్నాడు.

"భయమే. ఎక్కు. గాడ కూర మాడితే నిన్నే తిడత."

ఆయన ఎక్కి నా ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాడు. పుట్టి ఆయన వైపు ఒరిగింది. ఆయన అలాగే నీళ్లను చూస్తూ ఉండిపోయాడు. ఒడ్డున పెద్దామె, మనవరాలు మమ్మల్నే చూస్తున్నారు. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను.

కాసేపటికి నా మోకాలి మీద ఆయన చేయి పడింది.

"వనితా, జర జరుగు" అన్నాడు.

వెనక్కి జరిగాను. పుట్టి సమంగా నిలిచింది, ఆయన తెడ్డు వేశాడు.