బల్బు ఆరలేదు

ఎండాకాలం నుంచి జాషువా కారు పొద్దున్నే లేవడం మానేసింది. తాళం తిప్పితే టక్ టక్ మంటుంది, అంతే. ఆళ్లగడ్డలో ఆ వీధి నిండా శిల్పాలు చెక్కేవాళ్లే. మొదట్లో ఉలులు పక్కన పెట్టి, నవ్వుతూ వచ్చి తోశారు. ఇప్పుడు జాషువా గడప దాటితే చాలు, రాయి మీదికి ఇంకా వంగిపోతున్నారు. బాడుగకు కారు తిప్పేవాడికి ఇంతకంటే నామర్దా ఏముంటుంది!

కొత్త బ్యాటరీ వేశాడు. అదీ తెల్లారేసరికి చచ్చింది. ఎవరో చెప్పారని ఒక రాత్రి మైనస్ వైరు ఊడదీసి పడుకున్నాడు. తెల్లారి కారు తాళం తిప్పగానే లేచింది. భార్య దీవెన మాత్రం లేవలేదు. జ్వరం లేదు, నొప్పి లేదు. కళ్లు తెరుచుకుని మంచం మీద అలాగే ఉంది. వైరు మళ్లీ బిగించాక, ఏమీ జరగనట్టు లేచి టీ పెట్టింది.

నంద్యాలలో ఆమె పాఠాలు చెప్పే చిన్న బడి ఎండాకాలంలోనే మూతపడింది. రోజూ బస్సెక్కి పోయే మనిషి ఇంట్లో కూలబడింది. మాట తగ్గింది, నిద్ర పెరిగింది. జాషువా అదంతా ఎండల మీదికి నెట్టేశాడు.

చివరికి బ్యాటరీ మెకానిక్ గురుస్వామిని పిలిపించి, వైరు ఊడదీసిన రాత్రి సంగతి కూడా చెప్పాడు. ఆయనకు తొందరంటే గిట్టదు. మీటరు పెట్టి చూసి, "బ్యాటరీ బంగారమప్పా" అన్నాడు. తను తెచ్చిన బ్యాటరీతో ఇంజను నడిపించి మళ్లీ చూశాడు. "డైనమో కూడా బాగానే ఛార్జి ఎక్కిస్తాండాది. బండి నిలబెట్టినప్పుడే ఏదో తాగుతాండాది."

ఇంజను ఆపి, మైనస్ వైరు విప్పి, మధ్యలో చిన్న బల్బు తగిలించాడు. కారులో ఏదీ కరెంటు లాగకపోతే అది వెలగకూడదు. వెలిగింది. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకాడు. కరెంటు తాగే దొంగ ఫ్యూజు దొరకగానే బల్బు ఆరాలి. పిలవకుండానే శిల్పులంతా వచ్చి తలలు దూర్చారు. అన్నీ పీకినా బల్బు ఆరలేదు.

అప్పుడే దీవెన కరివేపాకు కోసం పక్క వీధికి బయల్దేరింది. ఆమె నాలుగిళ్లు దాటేసరికి బల్బు మసకబారింది. మలుపు తిరిగాక లోపలి తీగ మాత్రం ఎర్రగా మిగిలింది. తిరిగొస్తుంటే మళ్లీ వెలుగు పెరిగింది.

"నీ పెండ్లామే తాగుతాండాదిలే" అన్నాడు గురుస్వామి, చేతులు తుడుచుకుంటూ.

"ఆమెకు ఏ ఫ్యూజు పీకల్లన్నా?"

"చాగలమర్రిలో ఒకాయప్ప ట్రాక్టరు బ్యాటరీని ఎద్దు తాగేది. ఎద్దును అమ్మేసినారు. నీకు ఆ ఉపాయం లేదు."

"అట్లయితే కారే అమ్మేస్తా."

"అమ్మితే ఆయమ్మ మంచం మీదనుంచి యాడ లేస్తాది?"

జాషువా లెక్క వేసుకున్నాడు. కారు పోతే ఇంకో పని దొరుకుతుంది. దీవెన పోతే?

గురుస్వామి ఫ్యూజులు తిరిగి పెట్టి, వైరు బిగిస్తూ, "బ్యాటరీ పని బండిని లేపడమే. తర్వాత నింపేది డైనమో. బండి తిరగల్ల, అప్పుడే నిండుతాది. ఆయమ్మ కూడా అంతే, స్టీరింగు కాడ కూచోబెట్టు" అన్నాడు.

"ఆమెకేం వస్తాదన్నా!"

"లైసెన్సు ఉండాది" అంది దీవెన, చేతిలో కరివేపాకుతో. "పెండ్లికి ముందే తీసుకున్నా. నువ్వు ఎప్పుడన్నా అడిగినావా?"

దీవెన స్టీరింగు ముందు కూర్చుంటే, శిల్పులు ఆఖరిసారిగా తోశారు. మొదటి గేరు కీచుమంది, రెండోది బుద్ధిగా పడింది. శిరివెళ్ల దాటేదాకా జాషువా చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీదే ఉంది. అడ్డమొచ్చిన లారీవాణ్ణి దీవెన కిటికీలోంచి తరగతి గదిలో పిల్లాణ్ణి అదిలించినట్టు అదిలించింది. వాడు బుద్ధిగా పక్కకు జరిగాడు. ఆమె బుగ్గల మీదికి రంగొచ్చింది. ఆ రంగును తను ఇన్నాళ్లూ మరిచేపోయినందుకు జాషువాకు సిగ్గేసింది.

నంద్యాల వచ్చింది.

"చాల్లే. ఈడ తిప్పు, ఇంటికి పోదాం" అన్నాడు.

ఆమె తిప్పలేదు. ఊరు దాటించి, పాణ్యం రోడ్డు ఎక్కించింది.

"ఇంగా నిండలేదు" అంది.

ఎన్నాళ్లకో దీవెనకు ఏదో ఒకటి కావాలనిపించింది. జాషువా హ్యాండ్‌బ్రేకు మీదినుంచి చెయ్యి తీసి, ముందర పెట్రోలు బంకు ఎక్కడుందో వెతకసాగాడు.