రెండు గడుల్లో సుబ్బరావమ్మ

"అమ్మగారి పేరు రెండు చోట్ల వచ్చిందండీ," అన్నాడు చైతన్యకృష్ణ. "సార్ ఫైల్లో ఒక గడిలో, మేడమ్ ఫైల్లో ఒక గడిలో."

గుంటూరు బ్రాడీపేటలో జిరాక్సు కొట్టు పైన అతని ఆఫీసు. విదేశాలకు వెళ్ళేవాళ్ళకి వీసా కాగితాలు సిద్ధం చేసిపెట్టడం అతని పని. బల్లకు ఇవతల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో కోటేష్. అతనికి కుడిపక్క అక్క సుబ్బరావమ్మ, ఎడమపక్క భార్య లక్ష్మీదుర్గ.

"వస్తే?" అన్నాడు కోటేష్.

"మీ కంపెనీలో భాగస్వామి సుబ్బరావమ్మగారు. బంధుత్వం సోదరి అని రాశాం. మేడమ్ పాస్‌పోర్టులో తల్లి పేరు సుబ్బరావమ్మ. అడ్రసు ఒకటే. సంతకం ఒకటే."

"ఒకే మనిషికి రెండు సంతకాలుంటాయా ఏంటి?" అంది సుబ్బరావమ్మ.

చైతన్యకృష్ణ నవ్వలేదు. "అంటే సార్ మేనకోడల్ని చేసుకున్నట్టు తెలిసిపోతుందండీ."

"తెలిస్తే ఏంటయ్యా? అక్క కూతుర్ని చేసుకోక ఊళ్ళోవాళ్ళ కూతుర్ని చేసుకుంటాడా?"

"మన దగ్గర ఇబ్బంది లేదండీ. మా అమ్మానాన్నలదీ మేనరికమే. ఆ దేశంలో మాత్రం అది పెళ్ళి కింద లెక్క కాదు. మేనకోడలిగా అయితే మేడమ్ మూడు నెలలు చుట్టపుచూపుగా వెళ్ళి రావచ్చు. భార్యగా అయితే గడప తొక్కనివ్వరు."

కింద జిరాక్సు మిషన్ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

కోటేష్‌ది అద్దంకి దగ్గర పల్లె. గుంటూరు యార్డులో మిర్చి కొని, తొడిమలు తీయించి, తాలుకాయ ఏరించి, కంటెయినర్లలో పైదేశానికి పంపేవాడు. ఇంట్లో అందరూ ఆ దేశాన్ని 'రేవు' అనేవారు, సరుకు దిగేది రేవులో గనక. అక్కడ సొంత గోడౌన్ పెట్టుకుంటే నడిమి వ్యాపారులకు పోయే లాభం మిగులుతుందని కొనేవాళ్ళే చెప్పారు. పెట్టుబడి చూపించినవాడికి, వాడి భార్యాబిడ్డలకీ అయిదేళ్ళ వీసా ఇస్తారు. కోటేష్‌కి భార్య ఉంది, ఆరో తరగతి చదివే కూతురు మాధురి ఉంది. పెట్టుబడిలో ఎక్కువ భాగం అక్క పొలం మీదా, కోల్డ్ స్టోరేజిలో అక్క వాటా మీదా నిలబడింది.

ఆ ముగ్గురిలోనూ రేవుకు పోవాలని అందరికంటే గట్టిగా కోరుకున్నది లక్ష్మీదుర్గ. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

తండ్రి పోయినప్పుడు ఆమెకు నాలుగేళ్ళు. సుబ్బరావమ్మ పిల్లను చంకనేసుకుని, భర్త పొలం కాగితాలు పట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. తమ్ముణ్ణీ కూతుర్నీ ఒకే కంచంలో అన్నం కలిపి పెంచింది. దుర్గ ఇంటర్ చదువుతుండగా మాన్పించి తమ్ముడికే ఇచ్చి చేసింది. పిల్లను బయటికిస్తే పిల్లతోపాటు పొలం గట్టు కూడా బయటికి పోతుందని అప్పట్లో అందరికీ బాహాటంగానే చెప్పింది. అందరూ బాగుందన్నారు. పెళ్ళి పూట దాకా మావయ్యా అని పిలిచినవాణ్ణి ఆ తర్వాత కూడా మావయ్యా అనే పిలిచింది దుర్గ.

మొగుడితో పోట్లాడిన ఆడది పుట్టింటికి పోతుంది. దుర్గకు పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒకటే. పెళ్ళయిన కొత్తలో ఒకసారి అలిగి, చీరలు సంచిలో కుక్కుకుని వసారాలోకి వచ్చింది. కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్న సుబ్బరావమ్మ కేకేసింది:

"ఎక్కడికే? మీ అమ్మగారింటికా? వచ్చేశావుగా, ఇక లోపలికి పో!"

కాయలేరే ఆడవాళ్ళంతా నవ్వారు. దుర్గ సంచి తీసుకుని లోపలికి పోయింది. అప్పటినుంచీ అలగలేదు. కూరలో కారం ఎంత పడాలో, మాధురికి జడ ఏ నూనెతో వేయాలో, కోటేష్ ఏ చొక్కా వేసుకోవాలో సుబ్బరావమ్మే చెప్పేది. రేవులో సుబ్బరావమ్మ ఉండదు. దుర్గకు ఆ దేశం గురించి తెలిసిన మంచి అదొక్కటే.

"దారి లేదా?" అన్నాడు కోటేష్.

"రెండున్నాయండీ. అమ్మగారిని భాగస్వామిగా తీసెయ్యడం ఒకటి. అప్పుడు పెట్టుబడి చాలదు, అసలు ఫైలే ఎగిరిపోతుంది. రెండోది, తల్లి గడిలోంచి తీసెయ్యడం."

"తల్లిని తీసెయ్యడమేంటండీ?" అంది దుర్గ. ఆ గదిలోకి వచ్చాక ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"మీ నాన్నగారికి మొదటి భార్య ఉండేదనీ, ఆమే మీ తల్లి అనీ, మీకు రెండేళ్ళప్పుడు చనిపోయిందనీ అఫిడవిట్ వేస్తాం. సుబ్బరావమ్మగారు రెండో భార్య. పెంచారు, కనలేదు. పాస్‌పోర్టులో పేరు కూడా మార్పిద్దాం. అప్పుడు సార్‌కీ మీకూ రక్తసంబంధం ఉండదు. దీనికి అమ్మగారి సంతకం కావాలి."

దుర్గ తల్లి వైపు చూసింది. కాటాలో కిలో తరుగు ఎక్కువ తీశారని యార్డులో నలుగురు మగవాళ్ళ మధ్య నిలబడి అరిచిన మనిషి. ఇప్పుడూ అరుస్తుందనుకుంది. బల్ల మీదున్న కాగితాలు చించి కుర్రాడి మొహాన కొడుతుందనుకుంది. అదే జరిగితే రేవు పోతుంది. పోయినా ఫరవాలేదని అప్పటికప్పుడు దుర్గకు అనిపించింది. ఒక్కసారి అరిస్తే చాలు.

"నా వాటాకేం దెబ్బ లేదుగా?" అంది సుబ్బరావమ్మ.

"లేదండీ. భాగస్వామి గడి అలాగే ఉంటుంది."

"సంతకం ఎక్కడ?"

ఆమె మూడు చోట్ల సంతకం చేసి, కింద మార్చి నెల తేదీ వేసింది. చనిపోయినామె పేరేం రాయాలని చైతన్యకృష్ణ అడిగాడు.

"పున్నమ్మ అని రాయి."

"అమ్మా, పున్నమ్మ మన కల్లంలో కాయలేరేది," అంది దుర్గ.

"అయితే? చచ్చిన మనిషేగా కావాల్సింది. చచ్చింది. అది లేచొచ్చి నా పేరెందుకు రాశావని అడుగుద్దా? నిన్ను చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పింది కూడానూ."

కోటేష్ నవ్వాడు. చైతన్యకృష్ణ పేరు రాసుకుని, పెన్ను మూత పెట్టి, ఇంకో మాట అన్నాడు. "ఇక అడ్డం లేదు గనక అమ్మగారు కూడా వెళ్ళచ్చండీ. భాగస్వామికి విడిగా వీసా ఇస్తారు."

"నాకా? ఒరేయ్ కోటీ, విన్నావంట్రా? నేనుంటే తాలుకాయేదో మంచికాయేదో ఆ దొరలకి కూడా నేర్పుతా."

తిరుగు ప్రయాణంలో చిలకలూరిపేటలో బస్సు ఆగింది. సుబ్బరావమ్మ అరటిపళ్ళు బేరమాడటానికి దిగింది.

"మావయ్యా, అమ్మ కూడా రావాలా?" అంది దుర్గ.

"అక్క లేకపోతే పెట్టుబడి ఏదే?"

"పొలం ఇక్కడే ఉంటుందిగా. మనిషెందుకు?"

"నీ తల్లేగా, పరాయిదా?"

"కాదని ఇందాకేగా రాసిచ్చింది."

కోటేష్ ఆమె వైపు తిరిగాడు. "ఊరుకో, వస్తోంది," అన్నాడు.

ఇంటర్వ్యూలో ఏమడుగుతారో, ఏం చెప్పాలో చైతన్యకృష్ణ రాసిచ్చాడు. సాయంత్రాలు వసారాలో కూర్చుని నలుగురూ వల్లె వేసేవారు. మాధురికి ఇది ఆట.

"అమ్మమ్మా, నిన్నేమనాలి?"

"అమ్మమ్మ కాదే మొద్దూ. మేనత్తను. అత్తా అను."

"అత్తా!" అని పిల్ల పడీపడీ నవ్వింది. నాలుగు రోజుల్లో నవ్వడం మానేసి మామూలుగా పిలవసాగింది. అత్తా జడ వెయ్యి, అత్తా అన్నం పెట్టు. ఆలస్యం దుర్గ దగ్గరే అయింది.

"మీ అమ్మ పేరు?" అని అడిగేవాడు కోటేష్.

"పున్నమ్మ."

"చెప్పేటప్పుడు అక్క వైపు చూడకే. ఎదురుగా చూసి చెప్పు."

"దీనికి ఇంటర్ దాకా చదువెందుకు చెప్పించానో," అనేది సుబ్బరావమ్మ. "ఒక్క ముక్క. అమ్మ చచ్చిపోయింది అనాలి. అనలేదూ?"

"అంటాలే," అనేది దుర్గ.

మే నెలలో ఎవరో ఒకతను మోటారు సైకిలు మీద ఊళ్ళోకి వచ్చాడు. వీసా ఇచ్చేవాళ్ళు విచారణకు పంపిన మనిషి. ఇంటికి రాలేదు. తిన్నగా పంచాయతీ ఆఫీసుకు పోయి పున్నమ్మ మరణం నమోదు చూపించమన్నాడు. గుమస్తా బాపయ్యకు తెలిసిన పున్నమ్మ ఒక్కతే. సాయం చేస్తున్నాననుకుని రిజిస్టరు తెచ్చి, ఆమె పేజీ తీసి చూపించాడు. ఆమెకు కొడుకులేనని, కూతుళ్ళు లేరని కూడా చెప్పాడు. మర్నాడు సుబ్బరావమ్మ ఎదురైతే, మీ పనేదో అయిపోయిందమ్మా అన్నాడు. ఏం చూపించాడో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

జులైలో చెన్నై రమ్మన్నారు. కాన్సులేట్ లోపల ఒక్కొక్కరినే గాజు అద్దం ముందుకు పిలిచారు. అద్దం అవతల అధికారి, అతని పక్కన తెలుగు తెలిసిన ఒకావిడ. మొదట కోటేష్, తర్వాత సుబ్బరావమ్మ, తర్వాత మాధురి. చివర దుర్గ.

"మీ తల్లి పేరు?"

"పున్నమ్మ."

"ఎప్పుడు చనిపోయారు?"

"నాకు రెండేళ్ళప్పుడండీ."

అధికారి ఏదో చెప్పాడు. ఆవిడ తెలుగులో చెప్పింది. "మీ ఊళ్ళో పున్నమ్మ అనే ఆమె రెండేళ్ళ కిందట చనిపోయింది. ఆమె భర్త పేరు వేరు. ఆమెకు కూతుళ్ళు లేరు. అంతకుముందు ఆ పేరుతో ఎవరూ చనిపోయినట్టు లేదు. మీ తల్లి ఎవరు?"

వెనక బెంచీ మీద సుబ్బరావమ్మ మాధురి చెయ్యి పట్టుకుని కూర్చుంది. దుర్గ వెనక్కి చూస్తే చాలు. అదిగో ఆమె అని ఒక్క మాట అంటే నాలుగు ఫైళ్ళూ పోతాయి. గోడౌన్ పోతుంది, మావయ్య మూడేళ్ళ తిరుగుడు పోతుంది. ఎదురుగా చూసి చెప్పమన్నారు గనక ఎదురుగానే చూసింది.

"తెలియదండీ."

"తల్లి ఎవరో తెలియదా?"

"తెలియదు."

మధ్యాహ్నం పాస్‌పోర్టులు తిరిగి ఇచ్చారు. మూడింటి మీద వీసా ఉంది. నాలుగోదాంట్లో కాగితం పెట్టారు. దరఖాస్తుదారు ఎవరో నిర్ధారణ కాలేదని అందులో ఉంది.

పేవ్‌మెంటు మీద నిలబడి కోటేష్ గుంటూరుకు ఫోన్ చేశాడు. ఏడాది ఆగి మళ్ళీ వేయవచ్చని, తల్లి లేకుండా పిల్ల వెళ్ళాలంటే తల్లి ఒప్పుకుంటున్నట్టు సంతకం కావాలని, ఆ కాగితం తను తయారుచేస్తానని చైతన్యకృష్ణ చెప్పాడు. కోటేష్ ఆ మాటే దుర్గకు చెప్పాడు.

"ఏడాదేగా," అన్నాడు.

"మేం ముందు పోయి ఇల్లూ అదీ సర్దుతాం," అంది సుబ్బరావమ్మ. "పిల్లకి అక్కడ సెప్టెంబర్లో బడి తెరుస్తారు, చదువు పాడవకూడదు. నువ్వు వెనక వద్దువుగాని. ఊళ్ళో పొలం కూడా ఒకళ్ళు చూసుకోవాలి కదే. సంతకం పెట్టు. మాధురిని నేను చూసుకోనా? నిన్ను పెంచలా?"

"పెంచావు," అంది దుర్గ. "అందుకే పెట్టను."

"ఏమే? ఏం కూశావ్?"

"అక్కా, రోడ్డు మీద వద్దు," అన్నాడు కోటేష్.

"నువ్వుండరా. చూడు దాని పొగరు! ఎవరికోసం పెట్టానే ఆ సంతకాలు? నీకోసం కాదూ?"

"వాటాకోసం," అంది దుర్గ.

కోటేష్ చేతిలో నాలుగు పాస్‌పోర్టులున్నాయి. వాటిలోంచి దుర్గ మాధురిదీ తనదీ తీసుకుని చేతిసంచిలో పెట్టుకుంది. కోటేష్ పట్టుకోలేదు, వదల్లేదు. ఆమె లాగితే వచ్చాయి.

"నువ్వూ మీ అక్కా వెళ్ళి రండి మావయ్యా. వ్యాపారం మీ ఇద్దరిదేగా."

ఒంగోలు వచ్చే రైల్లో నలుగురికీ ఎదురెదురు సీట్లు దొరికాయి. మాధురి తల్లి ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. కోటేష్ తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు. సుబ్బరావమ్మ పులిహోర పొట్లం విప్పి కూతురి వైపు జరిపింది. దుర్గ తీసుకోలేదు.

నెల్లూరులో ఒకావిడ ఎక్కి సుబ్బరావమ్మ పక్కన కూర్చుంది. సామాను సీటు కిందికి తోసి, ఊపిరి తీసుకుని, ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మీ అమ్మాయాండీ?" అంది సుబ్బరావమ్మతో. "ముక్కూ గడ్డం అచ్చం దింపేసినట్టున్నాయి."

సుబ్బరావమ్మ నోరు తెరిచేలోపే దుర్గ చెప్పింది.

"కాదండీ. మా వదినగారు. మా ఆయనకు అక్క."

"అలాగా! మరి మీ అమ్మగారూ?"

"లేరు. మొన్న మార్చిలో పోయారు."

"అయ్యో," అందామె. కాసేపాగి సుబ్బరావమ్మ మోకాలి మీద చెయ్యి వేసింది. "పాపం, తల్లి పోయిన పిల్ల. ఇక మీరే తల్లిలా చూసుకోవాలి."

"ఆఁ," అంది సుబ్బరావమ్మ.