పోలేరమ్మ ‘అండీ’ అన్న రోజు

మా అత్త పోలేరమ్మ నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. ఆమె మా నాయనకు చెల్లెలు, ఆ తర్వాత నా భార్యకు తల్లి. రెండు దారుల్లోనూ నన్ను తిట్టే హక్కు తనదేననుకునేది. చిన్నప్పుడు ‘గూబమొహమోడా’ అనేది. పెళ్లయ్యాక అల్లుడికి మర్యాద ఇమ్మని పెద్దలు చెబితే ‘ఒరే గూబమొహమోడా’ అంది.

వాకాడు అవతల సముద్రం ఒడ్డున మా పాలెం. అక్కడి నుంచి కోట బజారుకు గంప మోసి చేపలమ్మిన మనిషి ఆమె. ఆమె గంప దగ్గర పోలీసులు కూడా బేరమాడేవాళ్లు కాదు.

మా పాలెంలో ఆడవాళ్లకు నిజంగా కడుపు మండితే వంగి గుప్పెడు మన్ను తీసి ఎదుటివాడి మీద పోసి తిడతారు. దానికొక కట్టుబాటు ఉంది. అన్న మాట అబద్ధమైతే ఆ మన్ను తిరిగొచ్చి పోసినదాని పిల్లల మీద పడుతుంది. అందుకే పొద్దున లేస్తే అబద్ధాలతో పళ్లు తోముకునే ఆడవాళ్లు కూడా మన్ను పట్టుకున్నాక నిజమే చెబుతారు. పోలేరమ్మ నా గడప మీద ఒకసారి పోసింది. వంజరం చేప తలకాయ తనకు పంపకుండా మేమే తిన్నామని. నిజమే, తిన్నాం. ‘మీ పొయ్యి ఆరిపోను’ అని తిట్టింది. పోయిన ఏడాది నా భార్య చెంచమ్మ చచ్చిపోయింది. మన్ను అంత నెమ్మదిగా పనిచేస్తుందో లేదో నాకు తెలియదు.

పోలేరమ్మ కొడుకు మస్తానయ్య నెల్లూరులో మేడ మీద కాపురం. తల్లికి మెట్లు పడవు, పెళ్లానికి అత్త పడదు. ఎండాకాలంలో ఆమెను తీసుకుపోయి ముసలివాళ్ల హోములో వేశాడు. కోట నుంచి సముద్రం వైపు వచ్చే రోడ్డులో, రొయ్యల గుంటల మధ్య ఉంటుంది. పేరు రాయను, కేసు నడుస్తోంది. బోర్డు మీద మాత్రం ‘మీ అమ్మ మా అమ్మే’ అని ఉంటుంది. వాళ్లమ్మను ఏం చేశారో ఎవరూ అడిగినట్టు లేదు.

చెంచమ్మ ఏడాది దినం వచ్చింది. కూతురి దినానికి తల్లి రాలేదు. ‘ప్రయాణం పడదు బావా’ అన్నాడు మస్తానయ్య. ఆ ఆదివారం నేనే చేపల పులుసు కాచి అన్నంతో సహా క్యారియర్లో పెట్టుకుని పోయాను. ప్రేమ కాదు. పెట్టకపోతే చెంచమ్మ ఊరుకోదు. బతికున్నప్పుడూ ఊరుకునేది కాదు. పులుసులో ఉప్పు ఎక్కువైంది. ఆమె పోయాక నా పులుసులో ఉప్పు ఎప్పుడూ ఎక్కువే. ఆ పులుసుకు పోలేరమ్మ నోటి నుంచి ఏం రాలుతుందో దారంతా ఊహించుకుంటూ పోయాను.

ఆ హోములో చూడనిచ్చేది ఆదివారం మాత్రమే, ముందు గదిలో మాత్రమే, మేనేజరు ఎదుట మాత్రమే. మేనేజరు పేరు నరేంద్రబాబు. ఇస్త్రీ చొక్కా, నున్నటి మాట. గోడ పట్టుకుని ఒక ముసలిది వచ్చింది. జుట్టు కత్తిరించేశారు. ఎప్పుడూ చీర తప్ప కట్టని మనిషికి నైటీ తొడిగారు. చెవులు చూసి పోల్చుకున్నాను.

“బాగుండారా అండీ,” అంది.

నా వెనక ఎవరున్నారా అని తిరిగి చూశాను. ఎవరూ లేరు. మా తీరంలో ‘అండీ’ అనేది సినిమాల్లోవాళ్లు, ఓట్లకొచ్చేవాళ్లు.

“అత్తా, నేను. గంగాధరాన్ని.”

“తెలుసండీ.”

క్యారియర్ విప్పి పెట్టాను. ఆమె అన్నం వైపు చూడలేదు, నరేంద్రబాబు వైపు చూసింది. “తినండమ్మగారూ,” అన్నాడు. అప్పుడు తింది. ఎవరో లాక్కుంటారన్నట్టు గబగబా, ముల్లు కూడా సరిగా తీయకుండా తింది. గంజిలో ఉప్పు తక్కువైతే కోడలి పుట్టింటి నుంచి మొదలుపెట్టే మనిషి ఆ ఉప్పు పులుసును కిక్కురుమనకుండా మింగి, “బాగుందండీ,” అంది.

ఖాళీ క్యారియర్ మూసి పక్కన పెట్టాను.

ఆమె చెయ్యి కడగబోతే చూశాను. రెండు మణికట్లకూ గాజుల్లాగా నల్లటి కమిలిన చారలు.

“ఇదేంది?”

“బాత్రూములో పడ్డానండీ.”

“రెండు చేతులకీ తాడు కట్టుకొని పడ్డావా?”

ఆమె మళ్లీ మేనేజరు వైపు చూసింది. “వయసు కదండీ, చర్మం పల్చబడుతుంది,” అన్నాడు అతను. నాకూ వయసొచ్చింది. నా చర్మం గాజులు తొడుక్కోలేదు.

బయటికొచ్చి మస్తానయ్యకు ఫోను చేశాను.

“ఒరే, మీయమ్మ తిట్టడం లేదు.”

“అవును బావా, శాంతం వచ్చింది. వాళ్లేదో మాత్రలిస్తుండారు. మా ఇంట్లో ఎప్పుడన్నా అంత నిమ్మళంగా ఉన్నిందా?”

“చేతులకి తాడు గుర్తులుండాయి.”

“పెద్దదానికి మతి చలించింది బావా. పడతా ఉంటాది. నువ్వు లేనిపోని కతలు అల్లబాక. మళ్లీ ఇంటికి తెస్తే నా కాపురం పోతాది.”

“పోనీ.”

పెట్టేశాడు.

ముసలివాళ్ల కోసం సర్కారు ఫోను నంబరు ఒకటుంది, 14567. మా పాలెంలో ఒక గోడ మీద రాశారు, మేకలు ఒరుసుకుంటుంటాయి. చేశాను. ఒక ఆడపిల్ల మర్యాదగా మాట్లాడింది.

“మీరు ఆమెకి ఏమవుతారండీ?”

“పగోణ్ణి.”

ఆ పిల్ల, ఫిర్యాదు ఎవరైనా ఇవ్వొచ్చని చెప్పింది. ఖర్చు లేకుండా ప్లీడరును ఇచ్చే న్యాయ సేవల సంస్థ ఉందని చెప్పి నంబరిచ్చింది. అలా పుష్పకుమారి వచ్చింది. నల్లకోటు సంచిలో కుక్కుకుని స్కూటీ మీద తిరిగే ప్లీడరు. నేను చెప్పిందంతా విని ఒక్కటే అడిగింది.

“పెద్దాయనా, ఆమె వచ్చేస్తానంటుందా?”

“అనదు. భయం.”

“అదే చిక్కు. ఆమె వస్తానంటే ఆపే హక్కు మేనేజరుకి లేదు, కొడుక్కీ లేదు. ఆపితే అదింకో కేసు. కట్టేసి కొడితే పోలీసు కేసు. ఏ స్టేషన్లో అయినా రాసుకోవాల్సిందే, మా పరిధి కాదు అనడానికి లేదు. గవర్నమెంటు ఆస్పత్రిలో చూపిస్తే దెబ్బలు రాసిస్తారు. ఆర్డీవో దగ్గర పెద్దవాళ్ల ట్రిబ్యునల్ ఉంది, కొడుకుని అక్కడికి లాగొచ్చు. అన్నీ ఉన్నాయి. కానీ ఆమే ‘బాత్రూములో పడ్డాను’ అంటే రేపు వాళ్ల ప్లీడరు ఆ మాటే పట్టుకుంటాడు. ఆమె అక్కడే ఉండిపోతుంది.”

చట్టం నిండా తలుపులే. పోలేరమ్మ నోరు తెరిస్తేగానీ ఒక్కటీ తెరుచుకోదు. జీవితమంతా మూతపడని నోరు, అవసరానికి మూసుకుంది.

పుష్పకుమారి స్టేషనుకు పోయి ఒక కానిస్టేబులును వెంటబెట్టుకొచ్చింది. పేరు రోజా, పక్క పాలెం పిల్ల. ముగ్గురం హోముకు పోయాం. నరేంద్రబాబు మమ్మల్ని చూసి మస్తానయ్యను పిలిపించాడు. వాడు నెల్లూరు నుంచి బండి మీద చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

“అడగండి మేడమ్,” అన్నాడు నరేంద్రబాబు. “ఆమెనే అడగండి. మాకు దాపరికం లేదు.”

పోలేరమ్మను తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. రోజా మోకాళ్ల మీద వంగి అడిగింది.

“అవ్వా, ఎవరైనా కొట్టినారా? కట్టేసినారా?”

“లేదండీ. బాగా చూసుకుంటుండారండీ.”

“ఇంటికి పోతావా?”

“ఇక్కడే బాగుందండీ.”

మస్తానయ్య నిట్టూర్చాడు, సంతోషంగా. “చూసినావా బావా? నీకేం, పెళ్లాం లేదు, పని లేదు. ఊరి మీద పడినావు.”

పుష్పకుమారి నా వైపు చూసింది. నేను నేల వైపు చూస్తున్నాను. తెల్లటి టైల్సు, మొహం కనిపించేంత మెరుపు. ముందు గది, వరండా, లోపలి గదులు, ఆఖరికి తులసి కోట చుట్టూ కూడా టైల్సే. ఎక్కడా చిటికెడు మన్ను లేదు.

“మేడమ్, ఈమెని గేటు దాకా నడిపిస్తా. ఎండ తగలనీ,” అన్నాను.

“డాక్టరు ఎండ వద్దన్నారు,” అన్నాడు నరేంద్రబాబు.

“ఏ డాక్టరు? పేరు చెప్పండి,” అంది పుష్పకుమారి. అతను పక్కకు జరిగాడు.

గేటు బయట రోడ్డు వారన ఇసుక. ఉప్పుగాలికి కొట్టుకొచ్చి మేట వేసింది. పోలేరమ్మను అక్కడ నిలబెట్టాను. అందరూ వెనకే వచ్చారు. ఆమె కాళ్లకు చెప్పులు లేవు. కాలి వేళ్లు ఇసుకలోకి దిగాయి.

“అత్తా, నిన్ను కట్టేస్తుండారని నేను లేనిపోనిది కల్పించినానంట. నీ కొడుకంటుండాడు, ఈ చొక్కాయన అంటుండాడు. అబద్ధమైతే నా మీద మన్ను పొయ్యి. ఇంతకు ముందు పోసినావు గదా, అలవాటే.”

ఆమె ఇసుక వైపు చూసింది. కళ్లు మూసుకుపోతున్నాయి, మాత్రల మత్తు. వంగింది. పడబోతే రోజా పట్టుకోబోయింది. నేను వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. గుప్పెడు తీసింది. లేచింది. చెయ్యెత్తి నా వైపు తిరిగింది.

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. మస్తానయ్య వైపు చూసింది. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. పాలెం బిడ్డ, కట్టుబాటు వాడికీ తెలుసు. అబద్ధానికి పోస్తే ఆ మన్ను పడేది వాడి మీదే.

“అమ్మా, పోయబాక,” అన్నాడు.

ఆమె నరేంద్రబాబు వైపు తిరిగి ఆ మన్ను మొహాన కొట్టింది.

“నీ చేతులు పడిపోనురా ఎదవా! మంచానికి కట్టేసి కొడతావా నన్ను? తడుపుకున్నానని కూడు మాన్పిస్తావా? నీ నోట్లో మన్నుబడా, నీ హోములో కాకులు పిల్లలు పెట్టా! తిడితే వాత పెడతానంటావా? అండీ అనాల్నా నీకు? నీ దినానికి అంటాలేరా అండీ!”

ఊపిరి తీసుకోవడానికి ఆగి ఇంకో గుప్పెడు తీసింది. మా పాలేల్లో పుట్టిన పిల్ల కాబట్టి రోజా ముందు నాలుగడుగులు పక్కకు జరిగింది. తర్వాత ఫోను తీసి మణికట్లు ఫొటో తీసింది. నరేంద్రబాబు కళ్లు నలుపుకుంటూ, “ఇది దాడి, నేను కేసు పెడతాను,” అన్నాడు.

“పెట్టండి,” అంది పుష్పకుమారి. “మట్టి దేనికి పోసిందో కూడా రాయండి.”

ఆస్పత్రిలో నైటీ విప్పి చూస్తే వీపు మీద ఇంకా ఉన్నాయి. అవి రాయను. డాక్టరు రాశాడు, చాలు. స్టేషనులో ఆమె చెప్పినదాన్ని చెప్పినట్టు రాయడానికి రోజా చాలా అవస్థ పడింది. సగం మాటలకు ‘దుర్భాషలాడినారు’ అని రాయబోతే పుష్పకుమారి ఒప్పుకోలేదు, ఉన్నదున్నట్టు రాయించింది. ఆ కాగితం రేపు కోర్టులో పైకి చదువుతారు. ఆ రోజు నేను పోతాను.

ఆ రాత్రి మస్తానయ్య ఫోను చేసి ఏడ్చాడు. నాకేం తెలుసు బావా అన్నాడు. నిమ్మళంగా ఉంటే చాలనుకున్నావు, అది తెలుసు కదా అన్నాను. నేను వాణ్ణి క్షమించలేదు. ఇది రాసేనాటికి కూడా ఆ ఉద్దేశం లేదు.

తర్వాత ఆర్డీవో ఆఫీసుకు పిలిచారు. తల్లిని చూసుకోవడం కొడుకు బాధ్యతనీ, ఆమె ఎక్కడుంటే అక్కడికే ఖర్చు పంపాలనీ ఆ సారు మస్తానయ్యకు చెప్పాడు. వాడు తలూపాడు. పోలేరమ్మ అప్పటికి మా ఇంట్లో ఉంటోంది. మాత్రలు మానాక ఆమెకు నోరు, నోటితో పాటు మొహం కూడా తిరిగొచ్చాయి.

“అమ్మా, మీరు ఎవరి దగ్గర ఉంటారు? మీ ఇష్టం,” అన్నాడు సారు.

“వాడిదాంట్లో,” అని నా వైపు గడ్డం ఎగరేసింది.

“అల్లుడు బాగా చూసుకుంటున్నాడా?”

“వాడి మొహం. ఉప్పెయ్యడం రాదు, నిప్పెయ్యడం రాదు. నా బిడ్డ వాడికి వండి వండి చచ్చింది.”

“మరి కొడుకు దగ్గరికి పోకుండా ఆయన దగ్గరే ఎందుకు?”

పోలేరమ్మ ఆ గది నేల వైపు చూసింది. అక్కడా టైల్సే.

“నా కొడుకుది మేడ. నేనేదన్నా అనాలంటే కిందికి దిగి రావాల,” అంది. “ఆ గూబమొహమోడి వాకిలంతా ఇసకే.”