పాలు పిండే పిడికిలి

బొటనవేలు లోపలా బయటా, ఇంత చిన్న సంగతి దగ్గర బతుకు ఆగిపోవడమేమిటని మల్లప్ప తన కుడిచేతిని ఎవరి చెయ్యో అన్నట్టు చూసుకుంటున్నాడు, ఎడమకాలు ముందుకు, కుడికాలు వెనక్కి, ఒక పిడికిలి మొహానికెదురుగా, ఇంకోటి దవడ పక్కన, పుట్టి బుద్ధెరిగాక ఎడమకాలు ముందుపెట్టి ఏ మంచిపనికీ పోలేదు, ఈ పాలమూరు పోలీసు మైదానంలో ఆ కాలు వెనక పడితే తప్పట, ఎదురుగా తోటి రిక్రూటు లింగస్వామి ఇసుక నింపిన గోనెసంచిని రొమ్ముకు హత్తుకొని నిలబడి, కొట్టు మల్లన్నా, ఎండ మాడుస్తాంది అంటున్నాడు, వెనకనుంచి ఖాదర్ ఉస్తాదు, గుద్దు చేతిలకెల్లి గాదురా, మడిమెలకెల్లి లేవాలె, నడుం తిరగాలె, ఎంత జల్ది పోతే అంత జల్ది వాపస్ రావాలె అంటున్నాడు, అన్నీ బుర్రకెక్కాయి, మడమా నడుమూ భుజమూ, తీరా చెయ్యి ముడిస్తే మాత్రం కలుగులోకి ఎలుక దూరినట్టు బొటనవేలు నాలుగువేళ్ల కిందికి దూరుతుంది, గిదేం పిడికిలిరా, పాలు పిండుతున్నవా అని ఉస్తాదు అరిస్తే అందరూ పకపకా నవ్వారు, నిజమే, పసితనంలో మేక పొదుగు కింద కూర్చోబెట్టి బొటనవేలు లోపలికి మడిచి పిండడం నేర్పింది బాపు గుర్వయ్యే, బాపు నేర్పింది ఇంకేముంది గనక, పాలు పిండడం, చేతులు కట్టుకోవడం.

సాయంత్రం పరీక్షలో గుద్దు రానివాణ్ని ఇంటికి పంపేస్తారు, ఇల్లంటే బాపు, ఆ మొహం మళ్లీ రోజూ చూడాలి, వెట్టి నడిచే రోజుల్లో దొర గుమాస్తా వాకిట్లోకొచ్చి మందలో ఉన్న ఒకే ఒక్క పొట్టేలును ఈడ్చుకుపోతూ, అడ్డం పడ్డ అమ్మ చెంప ఛెళ్లుమనిపిస్తే, బాపు తల వంచి, చేతులు కట్టుకొని, నీ బాంచెన్ అన్నాడు, ఏడేళ్ల మల్లప్ప తడిక చాటునుంచి చూశాడు, ఎందుకు చూశాడో, చూడకపోయినా బాగుండేది, అప్పటినుంచి బాపును చూస్తే సిగ్గు, ఈ ఖాకీ కోసం ఉరికొచ్చింది కూడా ఆ సిగ్గు భరించలేకే, తీరా వస్తే ఈ చెయ్యీ బాపు చెయ్యే అయింది, ఎవరిని తిట్టుకోవాలో తెలియడం లేదు.

ఉస్తాదు వచ్చి ఆ బొటనవేలు పట్టుకున్నాడు, గిట్ల లోపల వెట్టి కొట్టినవనుకో, అవతలోని దౌడ పగుల్తది, నీ ఏలు గూడ గీడ్నే ఇరుగుతది, మల్ల అతికినా బతికినన్ని దినాలు వంకరనే ఉంటది అంటూ కణుపు దగ్గర నొక్కాడు, ఆ వంకర, ఆ వంకర ఎక్కడో చూశాను, ఎక్కడో ఏమిటి, బాపుదే, సరిగ్గా ఆ కణుపు దగ్గరే, పొట్టేలు కుమ్మింది బిడ్డా అన్నాడు, అమ్మ పసుపూ సున్నమూ పట్టించి గుడ్డ చుట్టింది, ఎప్పుడది, పొట్టేలు పోయిన తెల్లారే కదా, ఉన్న ఒక్క పొట్టేలూ పోయాక కుమ్మింది ఏ పొట్టేలు, జర ఆగు ఉస్తాద్, ఇంకోటేదో ఉంది, గుమాస్తా, అవును, గుమాస్తా ఆ తర్వాత పదిరోజులు దవడకు తువాల కట్టుకొని పంటినొప్పి పంటినొప్పి అంటూ తిరిగాడు, ఆ మాట చెవిన పడగానే అమ్మ, చెంప వాపు ఇంకా తగ్గని అమ్మ, కొంగు నోట్లో కుక్కుకొని కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది, పిచ్చి పట్టిందేమోనని భయపడ్డాను, గొర్లకాపరి కొట్టాడని గుమాస్తా చెప్పుకోలేడు, కొట్టానని బాపు చెప్పుకుంటే ఇల్లు మిగలదు, ఆ తర్వాత ఇంట్లో పాలు పిండింది అమ్మే, బాపుకు వేలు వంగేది కాదు, ఒళ్లు బరువని ఎన్నిసార్లన్నాను, నా నోరు పడిపోను.

ఏందిరా సోంచాయిస్తున్నవ్, కొట్టు అంటున్నాడు ఉస్తాదు, మల్లప్ప బొటనవేలును బయటికి తీసి వేళ్లమీద పెట్టాడు, మడమ లేచింది, నడుం తిరిగింది, లింగస్వామి సంచితో సహా రెండడుగులు వెనక్కి పడి, ఓయమ్మో అన్నాడు, ఉస్తాదు షాబాష్ అన్నాడు, మల్లప్పకు ఏదీ వినబడలేదు, బాపు కొట్టాడు, ఎవరూ నేర్పకుండా, తనకు తెలిసిన ఆ ఒక్క పిడికిలితోనే కొట్టాడు.