నోరు తెరవకూడని ఉద్యోగం

మకావులో పెద్ద తుఫానుకు సముద్రం లోపలిరేవు అనే పాతపేట వీధుల్లోకి వచ్చి కింది అంతస్తు ఇళ్లన్నిటినీ ముంచేసిన ఏడాది అది. సౌ ఫాంగ్ అత్తగారు ఆ బురదలోనే జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఇల్లు పాడైంది, చెయ్యి పాడైంది. నోటికేం కాలేదు. కొడుకింటికి వచ్చి చేరింది.

అప్పట్నించీ సౌ ఫాంగ్‌కి పొద్దున పని రెండింతలైంది. అత్తగారికి జావ తాగించాలి, తల దువ్వాలి, కట్టు తడవకుండా స్నానం చేయించాలి. "నెమ్మదిగా దువ్వవే, నేను బొమ్మను కాదు. బొమ్మవి నువ్వు" అనేది అత్తగారు. అని తనే నవ్వుకునేది.

సౌ ఫాంగ్‌ది పెద్ద కాసినో హోటల్లో పని. ఆ హోటల్లో కప్పు కిందే కాలువ పారుతుంది, పడవలు తిరుగుతాయి. కప్పు మీద గీసిన ఆకాశానికి ఎప్పుడూ సాయంత్రమే. కాలువ వంతెన పక్కన దిమ్మెక్కి, ఒళ్లంతా తెల్లరంగు పూసుకుని, పాలరాతి బొమ్మలా నిలబడాలి. కన్ను కొట్టొచ్చు, చెయ్యి మెల్లగా తిప్పొచ్చు. నోరు మాత్రం తెరవకూడదు. ఒకసారి తెరిచిన పిల్లని ఆ రోజే పనిలోంచి పంపేశారు. మొగుడు కిన్ వా కూడా అక్కడే, రాత్రిపూట పేకముక్కలు పంచుతాడు. ఇంట్లో లెక్కకి అతనిది ఉద్యోగం, ఆమెది వేషం.

ఒక మధ్యాహ్నం కిన్ వా తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు, కోడలి వేషం చూపించడానికి.

"ఇదా! నిజం బొమ్మే అనుకున్నాను" అని అత్తగారు ఎడంచేతి గొడుగు మొనతో మోకాలి మీద పొడిచింది. "కదలదేం?"

"ఇక్కడ కదలదు. నోరు కూడా లేవదు. ఇంట్లో అలా ఉండమంటే మాత్రం ఉండదు" అన్నాడు కిన్ వా. చుట్టూ ఫొటోలు తీసుకుంటున్నవాళ్లు నవ్వారు. నవ్వేసరికి అతనికి హుషారొచ్చింది. తల్లి చేతిలోని గొడుగు, బాదం బిస్కెట్ల సంచీ తీసి, చాచి ఉన్న సౌ ఫాంగ్ చేతికి తగిలించాడు. "కాస్త పట్టుకో."

ఇంకా నవ్వారు.

"అమ్మా, నీ చేతి గురించి దిగులు పెట్టుకోకు. వచ్చే నెల నుంచి ఇది మానేస్తుంది. ఇంట్లోనే ఉండి నిన్ను చూసుకుంటుంది."

"దాన్నడిగావా?"

"ఎదురుగానే ఉందిగా, వింటోంది. కాదంటే చెప్పమను."

"ఏమే, చెప్పు మరి. చెప్పకపోతే ఒప్పుకున్నట్టే" అంది అత్తగారు. వేళాకోళంగానే అంది. కానీ ఆగి చూసింది.

సౌ ఫాంగ్‌కి అరికాళ్లలో మంట పుట్టింది. రంగు కింద చెమట పాకుతోంది. చెప్తే ఉద్యోగం పోతుంది, చెప్పకపోయినా పోతుంది. తెలిసే అడిగాడా, తెలియకా? తెలియకపోవడమేమిటి, ఇక్కడ పనిచేసేవాడేగా. ఈ దిమ్మ మీద ఉన్నంతసేపూ టీ ఇమ్మని, సాక్సు వెతకమని ఎవరూ పిలవరు. ఆ సుఖం ఎవరితోనూ చెప్పలేదు. చెప్తే అది కూడా వదులుకోమంటారని భయం. పెళ్లైన కొత్తలో, కడుపుతో ఉందని బట్టల కొట్టులో పని మానెయ్యమన్నాడు, మానేసింది. బిడ్డ నిలవలేదు. మళ్లీ వెళ్తానంటే ఇప్పుడెందుకన్నాడు. ఎందుకో ఇప్పటికీ చెప్పడం రాదు ఆమెకి. దూకి పారిపోవాలనిపించింది. గొడుగు తీసి కాలువలోకి విసరాలనిపించింది. పళ్లు ఒకదానికొకటి నొక్కిపట్టి, ఎదుటి కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. రెప్ప కూడా పడలేదు.

"చూశావా, ఒప్పుకుంది" అన్నాడు కిన్ వా. గొడుగు, సంచీ తీసుకుని తల్లితో పడవలు చూడ్డానికి వెళ్లాడు.

ఆమె ఇల్లు చేరేసరికి అతను డ్యూటీకి వెళ్లిపోయాడు. అత్తగారికి అన్నం పెట్టింది, పక్క వేసింది. తెల్లవార్లూ పక్క మీద అటూ ఇటూ దొర్లింది.

మర్నాడు పొద్దున కిన్ వా వచ్చేసరికి ఆమె బూట్లు వేసుకుంటోంది.

"జావ పొయ్యి మీదుంది. అత్తయ్యకి నువ్వు తాగించు. తల చిక్కుపడింది, కొసల నుంచి దువ్వు. రాత్రిళ్లు నేను చూసుకుంటా. పగలు నువ్వు."

"అదేంటి? మానేస్తున్నావుగా!"

"లేదు."

లోపల్నించి అత్తగారు కేకేసింది. "రాత్రంతా నిలబడి వచ్చాడే! వాడెప్పుడు పడుకుంటాడు?"

"నేనెప్పుడు పడుకుంటున్నానో ఎప్పుడైనా అడిగారా అత్తయ్యా?"

కిన్ వా గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "నిన్న అంతమందిలో అడిగాను కదా. అప్పుడు నోరు మూసుకుని, ఇప్పుడు తెరుస్తావా?"

"అప్పుడు నేను పనిలో ఉన్నాను" అంది సౌ ఫాంగ్. అతన్ని పక్కకి జరిపి, బస్సుకి వెళ్లింది.