నలభై ఏడో మెట్టు

లాండ్రీలో ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపే లెక్కలమ్మ మూటలు కట్టేస్తుంది. బరువైన దుప్పట్లు కింద, చొక్కాలు పైన. ముప్పై ఒక్కేళ్ళ మనిషి. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల నిదానం అన్నారు డాక్టర్లు. మాట కాస్త ముద్దగా వస్తుంది గానీ లెక్క మాత్రం వదలదు. ఎదురు మేడకి బట్టలు తీసుకెళ్తే, ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ పక్కపక్కన ఆనించి, పైకే లెక్కపెడుతూ ఎక్కుతుంది. వెనకవాళ్ళు విసుక్కుంటే విసుక్కోనీ.

ఆ మేడలో మెట్లు మనుషుల్ని బట్టి ఉంటాయి. ఎవరైనా ఆ మేడకి సొంతమైతే ఒక మెట్టు మొలుస్తుంది, వెళ్ళిపోతే ఒకటి కుంగి కలిసిపోతుంది. అంతస్తులెలా సరిపోతాయని ఎవరూ అడగరు, సరిపోతాయి. మెట్టున్న మనిషిని కాదనకూడదన్నది అక్కడి మొదటి నిబంధన.

మూడో అంతస్తులో ఒంటి గది ఖాళీ అయితే లెక్కలమ్మ అద్దెకి అడిగింది. అక్కకి వేరే ఊరు బదిలీ అయింది. ఈ గది దొరక్కపోతే ఊరి చివర సంరక్షణ హోమ్‌లో చేరాలి. అక్కడ గేటుకి బయటి నుంచి తాళం. అంటే లాండ్రీ పని కూడా పోయినట్టే.

ఆదివారం మెట్ల కింద మీటింగు పెట్టారు.

"మాకేం పగ లేదమ్మా, భయం అంతే," అన్నారు మేడ సెక్రటరీ. "ఒక్కతే ఉంటే గ్యాస్ కట్టేయడం మర్చిపోతే?"

"పోయిన నెల పాలు పొయ్యి మీద పెట్టి పేపరు చదువుకుంటూ కూర్చున్నదెవరండీ?" అక్క లేచింది. "వాసన పట్టి తలుపు కొట్టింది మా చెల్లెలేగా!"

ఎవరో కిసుక్కున నవ్వారు. సెక్రటరీ చెవులు ఎర్రబడ్డాయి.

"మరి కరెంటు బిల్లు ఎవరు చదివి పెడతారు?" అని మాట మార్చారు.

"నేను చదువుతా," అంది రెండో అంతస్తు టీచరమ్మ. "నా మందుల చీటీ మీరు చదివి పెట్టట్లేదూ? సాయం అక్కర్లేని మొనగాడు ఇక్కడెవరున్నారో చెయ్యెత్తండి, చూద్దాం."

ఒక్క చెయ్యీ లేవలేదు. అయినా సెక్రటరీ తగ్గలేదు. "సరే, చిన్న పరీక్ష. రోజూ ఎక్కుతావుగా అమ్మా, మన మెట్లెన్ని?"

"నలభై ఏడు," అంది లెక్కలమ్మ.

సెక్రటరీ రిజిస్టరు పైకెత్తి చూపించారు. "నలభై ఆరుగురం, నలభై ఆరు మెట్లు. చూశారుగా! ఇక నేను చెప్పేదేముంది?"

అక్క ముఖం వాడిపోయింది. నెల్లాళ్ళుగా చెల్లెలు ఇంటికొచ్చి నలభై ఏడంటుంటే, నలభై ఆరే తల్లీ అని దిద్దింది తనే.

లెక్కలమ్మ మాత్రం కంగారు పడలేదు. "మీరెప్పుడు లెక్కపెట్టారు?" అని అడిగింది.

సెక్రటరీ రిజిస్టరు చూశారు గానీ మెట్లని చూసి ఎన్నేళ్ళయిందో!

"రండి," అంటూ ఆవిడ ఎక్కడం మొదలెట్టింది. ఒకటి. రెండు పాదాలూ. రెండు. మేడంతా ఆమె వెనక, ఆమె నడకలోనే ఎక్కింది, ముందుకి తోసుకెళ్ళే చోటు లేదు మరి. మూడో అంతస్తు చేరేసరికి అందరి నోటా ఒకటే మాట: నలభై ఏడు.

"మా కోడలికి నెల తప్పిందేమో..." సెక్రటరీ గొణిగారు.

టీచరమ్మ వంగి, ఖాళీ గది గుమ్మం ముందున్న ఆ ఆఖరి మెట్టుని అరచేత్తో తడిమింది. పాత మెట్లన్నీ నడిమధ్య ఒక పాదం పట్టేంత అరిగున్నాయి. ఇది మొలిచి నెలకి మించి ఉండదేమో, అప్పుడే పక్కపక్కనే రెండు పాదాల గుంటలు.

"ఇలా ఎక్కేవాళ్ళు మన మేడలో ఇంకెవరండీ?" అంది.

సెక్రటరీ జేబులోంచి కలం తీసి, రిజిస్టరుని గోడకి ఆనించి, నలభై ఏడో పేరు రాసుకున్నారు. తాళంచెవి చేతికిస్తూ, "ఆ పాల సంగతి ఇక మర్చిపో తల్లీ," అన్నారు.

"మర్చిపోను," అంది లెక్కలమ్మ.

సామాను సర్దాక అక్క గుమ్మంలోనే తచ్చాడింది. "మొదటి వారం నీతో ఉండనా? కొత్త చోటు కదా."

లెక్కలమ్మ తాళంచెవిని కొంగుకి ముడేసుకుని నవ్వింది.

"నీకిక్కడ మెట్టు లేదు కదక్కా. ఆదివారం టీకి రా. వచ్చేటప్పుడు లెక్కపెట్టుకుంటూ రా."